పుంత, కాలువ గట్టు, కాలిబాట: మీరు నడిచే దారి ఎవరిది? దాన్ని బాగుచేసే డబ్బు ఎక్కడి నుంచి రావాలి?

పండక్కి సొంతూరు వచ్చారు. పొద్దున్నే వాకింగ్‌కు బయల్దేరారు. సీసీ రోడ్డు అయిపోగానే కాలువ గట్టు ఎక్కారు. రెండు వందల గజాలు వెళ్లేసరికి వాన కోతకు గట్టు అంచు జారిపోయి ఉంది. ఇంకాస్త ముందు, ఎండాకాలంలో కాలువలోంచి తీసిన పూడిక కుప్ప అలాగే పడి ఉంది. పక్కనున్న చిన్న వంతెనకు ఒకవైపు పిట్టగోడ లేదు. ఎదురుగా బడి సంచులతో ఇద్దరు పిల్లలు అదే దారిలో వస్తున్నారు.

ఎవరికి చెప్పాలి? పంచాయతీలో అడిగితే "గట్టు ఇరిగేషన్ వాళ్లదండి" అనొచ్చు. ఇరిగేషన్ వాళ్లను అడిగితే "గట్టు ఉన్నది కాలువ కోసం, నడవడానికి కాదు" అనొచ్చు. ఈలోగా మీ ఫోన్‌కు ఇంటి పన్ను బకాయి ఉందని మెసేజ్ వస్తుంది. మరి ఆ పన్ను దేనికి కడుతున్నట్టు?

అమలాపురం పక్కనే ఉన్న బండారులంకలో గానీ, కోనసీమలో మరే ఊళ్లో గానీ నడిచేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్న ఇది. నడక దారి ఎవరి బాధ్యత, మీ పన్నుల్లోంచి దానికి ఏం చేరుతుంది, ఎంత బాగు చేస్తే చాలు, బాగుచేయకపోతే మీరేం చేయొచ్చు అన్నవి ఒక్కొక్కటిగా చూద్దాం.

కొండలు లేని చోట నడక దారి అంటే ఏది?

'ట్రెక్కింగ్ దారి' అనగానే తిరుమల మెట్లో, మారేడుమిల్లి అడవో గుర్తొస్తాయి. గౌతమి, వశిష్ఠ పాయల మధ్య ఉన్న కోనసీమలో కొండ లేదు. ఇక్కడ నడక దారులు ప్రధానంగా మూడు రకాలు: ఊరి వీధి, పొలాల మధ్య పుంత, కాలువ గట్టు.

వీటిలో కాలువ గట్టుకు పెద్ద చరిత్రే ఉంది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలైన ఆనకట్ట 1852కి పూర్తయింది. అక్కడి నుంచి తవ్విన డెల్టా కాలువలు సాగు నీటి కోసమే కాదు, పడవల రాకపోకల కోసం కూడా. లొల్ల లాకుల లాంటివి అందుకే కట్టారు. గాలి లేనప్పుడు, ఎదురు నీటిలో వెళ్లేటప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. అంటే గట్టు మీద నడక తర్వాత వచ్చిన అలవాటు కాదు. మొదటి నుంచీ ఆ గట్టు చేసిన పనుల్లో అదీ ఒకటి. పడవలు పోయాయి, నడిచేవాళ్లు మిగిలారు.

ఈ దారులు వాకింగ్ చేసేవాళ్లకే కావాలనుకుంటే పొరపాటు. పొలానికి వెళ్లే కౌలు రైతు, కొబ్బరి దింపు కూలీ, బడి పిల్లలు, బస్సు కోసం మెయిన్ రోడ్డు మీదకు వచ్చే పెద్దవాళ్లు రోజూ వీటి మీదే నడుస్తారు. బండారులంక లాంటి చేనేత ఊళ్లలో వీధికి మరో పని కూడా ఉంది. తెల్లవారుజామున పడుగు చాపి గంజి పట్టించేది వీధిలోనే. దారి పాడైతే కొందరికి షికారు పోతుంది. కొందరికి ఒక పూట కూలి పోతుంది.

ముందు తేల్చుకోవాల్సింది: దారి ఎవరి పేరు మీద ఉంది?

ఫిర్యాదు తిరిగి రాకుండా ఉండాలంటే మొదట ఇది తెలియాలి. ఒకే దారిలో కిలోమీటరు నడిస్తే ముగ్గురు యజమానులు మారొచ్చు.

• ఊరి వీధులు, ఊరి లోపలి రోడ్లు: గ్రామ పంచాయతీవి. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం-1994 ప్రకారం ఊళ్లోని ప్రజా రహదారులు, వాటి మీది వంతెనలు, కల్వర్టులు వేయడం, మరమ్మతు చేయడం, వీధి దీపాలు పెట్టడం పంచాయతీ విధుల్లో ఉన్నాయి. జిల్లా పరిషత్, మండల పరిషత్, రాష్ట్ర ప్రభుత్వ రోడ్లు ఇందులోకి రావు.

• పుంతలు: పూర్వం బండ్లు వెళ్లడానికి వదిలిన దారులు. రెవెన్యూ రికార్డుల్లో ప్రభుత్వ భూమిగా ఉంటాయి. గ్రామ పటంలో, ఎఫ్‌ఎంబీలో వాటి వెడల్పు కనిపిస్తుంది. ఇరుపక్కల చేలు జరిగి పుంత సన్నబడితే సర్వే చేయించి ఆక్రమణ తొలగించాల్సింది తహసీల్దార్ కార్యాలయం. ఆ తర్వాత మట్టి, గ్రావెల్ పోసే పని పంచాయతీ చేపట్టొచ్చు.

• కాలువ, డ్రెయిన్ గట్లు: జలవనరుల శాఖవి. దానికి సెక్షన్ స్థాయిలో ఏఈ, గట్టు మీద తిరిగి చూసుకోవడానికి లస్కర్లు ఉంటారు. గట్టు మీద తారు రోడ్డు వేసి ఉంటే, ఆ రోడ్డు వరకు వేసిన శాఖ చూసుకుంటుంది. గట్టు కోత, పూడిక మాత్రం జలవనరుల శాఖ పనే.

• ఊళ్లను కలిపే పెద్ద రోడ్ల అంచులు: పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ శాఖ, ఆర్ అండ్ బీ, లేదా జాతీయ రహదారుల విభాగం చేతిలో ఉంటాయి. అమలాపురం మీదుగా వెళ్లే 216వ జాతీయ రహదారి చివరి కోవలోకి వస్తుంది.

మీ దారి ఇందులో ఏదో తెలియకపోతే సచివాలయంలోని సర్వేయర్‌ను అడగండి. సర్వే నంబరు చెబితే పని సులువవుతుంది.

మీరు కట్టే ఏ పన్ను ఏ దారికి చేరుతుంది?

'పన్నులు కడుతున్నాం కదా' అన్న మాట నిజమే. కానీ అన్ని పన్నులూ ఒకే డబ్బాలో పడవు. మీ జేబులోంచి వెళ్లే రూపాయి ఎటు పోతుందో విడదీసి చూడండి.

ఇంటి పన్ను: నేరుగా మీ పంచాయతీకే. వీధి, డ్రెయిన్, దీపం, చెత్త, తాగునీరు అన్నింటికీ పంచాయతీ సొంతంగా వాడుకోగల ప్రధాన ఆదాయం ఇది. సొంత తీర్మానంతో కాలిబాటకు ఖర్చు పెట్టగల డబ్బు కూడా ముఖ్యంగా ఇదే.

రిజిస్ట్రేషన్ వేళ బదిలీ సుంకం: స్థలం కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ 5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతంతో పాటు 1.5 శాతం బదిలీ సుంకం కడతారు. ఆ 1.5 శాతం స్థానిక సంస్థల కోసం వసూలు చేసేది. రాష్ట్ర ఖజానాలో జమై, తర్వాత సర్దుబాటవుతుంది. ఆలస్యమైతే పంచాయతీ ఖాతా ఖాళీగా కనిపిస్తుంది.

వృత్తి పన్ను: నెలకు 20 వేలకు పైగా జీతం ఉంటే రూ.200 కోత పడుతుంది. దీన్ని వసూలు చేసేది రాష్ట్రం. మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తుంటే ఆ కోత అక్కడి ప్రభుత్వానికి వెళ్తుంది. మీ ఊరి గట్టుకు అందులో పైసా రాదు.

నీటి తీరువా: కాలువ కింద పొలం ఉన్నవాళ్లు కట్టేది. మొదటి వరి పంటకు ఎకరానికి రూ.200, రెండో పంటకు రూ.150 అన్నది 1990ల నాటి రేటు. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాక, కాలువల నిర్వహణకు ఇందులోంచి వాటా ఇచ్చే పద్ధతి మొదలైంది. గట్టు బాగుకు సూటిగా సంబంధం ఉన్న పన్ను ఇదొక్కటే. ఎకరానికి రెండు వందలతో ఎంత గట్టు నిలుస్తుందో ఊహించుకోవచ్చు.

పెట్రోలు, డీజిల్ మీద రోడ్డు సెస్సు: ఆంధ్రప్రదేశ్‌లో 2020 సెప్టెంబరు నుంచి లీటరుకు రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు ఉంది. ఇది వాహనాలు తిరిగే రోడ్ల కోసం. కేంద్రం వేసే రోడ్డు సెస్సుదీ అదే తీరు. ఆ పేర్లు చూసి కాలిబాటకూ వస్తుందనుకోకండి.

ఆదాయపు పన్ను, జీఎస్టీ: ఢిల్లీకి, అమరావతికి వెళ్లి ఆర్థిక సంఘం నిధులుగా, పథకాలుగా ఊరికి తిరిగొస్తాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఆర్థిక సంఘం నిధులతో కాలిబాట వేయొచ్చా?

వేయొచ్చు, కానీ అందులో కొంత భాగంతోనే.

2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు రూ.2,36,805 కోట్లు సిఫారసు చేసింది. అందులో 60 శాతం 'కట్టడి' నిధులు: సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాన నీటి సంరక్షణకే వాడాలి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. జీతాలకు, ఆఫీసు ఖర్చులకు మాత్రం వాడకూడదు. 2026-31 కాలం 16వ ఆర్థిక సంఘం పరిధిలోకి వస్తుంది.

అంటే 15వ ఆర్థిక సంఘం లెక్కన పంచాయతీ ఖాతాకు వంద రూపాయలు వస్తే, దారుల గురించి ఆలోచించడానికి వీలున్నది నలభై రూపాయల్లోనే. ఆ నలభైకి వీధి దీపాలు, కల్వర్టులు, శ్మశానం, ఇంకా ఎన్నో పోటీ. గతంలో ఆర్థిక సంఘం డబ్బును విద్యుత్ బకాయిలకు సర్దుబాటు చేశారని రాష్ట్రంలో సర్పంచులు నిరసనలకు దిగడానికి కారణం కూడా ఈ ఇరుకే.

మరో దారి ఉపాధి హామీ. 2005 చట్టం కింద ఖర్చులో 60 శాతం కూలికి, 40 శాతానికి మించకుండా సామగ్రికి. ఆ సామగ్రి వాటాతోనే ఊళ్లలో సీసీ రోడ్లు పడ్డాయి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. కోనసీమలోని వానపల్లి సభకు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు వచ్చారు. అప్పటి తీర్మానాల ఆధారంగా ఆ అక్టోబరులో 'పల్లె పండుగ' పేరుతో రూ.4,500 కోట్లతో 30 వేల పనులు ప్రకటించారు. వాటిలో 3 వేల కిలోమీటర్ల సీసీ రోడ్లు ఉన్నాయి. 2005 చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు 'వీబీ-జీ రామ్ జీ' చట్టాన్ని ఆమోదించింది. 125 రోజుల పని, ఖర్చును కేంద్రం, రాష్ట్రం 60:40 పంచుకోవడం అందులోని ప్రధాన మార్పులు. రాష్ట్రం వాటా పెరిగింది కాబట్టి, ఏ పని ముందు అన్న పోటీ ఇకపై ఇంకా గట్టిగా ఉంటుంది.

కొత్త రోడ్డుకు డబ్బుంటుంది, మరమ్మతుకు ఎందుకుండదు?

పైన చెప్పిన పథకాలన్నీ ఒకసారి గమనించండి. దాదాపు ప్రతిదీ 'వేయడానికి' డబ్బిస్తుంది, 'చూసుకోవడానికి' కాదు. కొత్త పనికి శిలాఫలకం ఉంటుంది, ఫొటో ఉంటుంది, కొలత పుస్తకంలో ఎక్కించడానికి కిలోమీటర్లు ఉంటాయి. గడ్డి కోసి, వాన కోత పూడ్చి, తూము శుభ్రం చేస్తే చూపించడానికి ఏమీ మిగలదు. బాగా చేసిన నిర్వహణ కంటికి కనబడదు.

లెక్క వేస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. కిందివి కేవలం అర్థం కావడానికి వేసుకున్న ఊహ అంకెలు, ఏ పంచాయతీ అంచనా కాదు.

వెయ్యి ఇళ్ల ఊళ్లో రెండు కిలోమీటర్ల గ్రావెల్ కాలిబాటకు రూ.10 లక్షలు అయిందనుకుందాం.

• పట్టించుకోకుండా వదిలేస్తే ఐదేళ్లకు పాడై మళ్లీ వేయాలి. అంటే ఏడాదికి రూ.2 లక్షలు. ఇంటికి రూ.200.

• ఏటా రూ.40 వేలు పెట్టి చూసుకుంటే పదిహేనేళ్లు నిలిచిందనుకుందాం. ఏడాదికి వేసిన ఖర్చు సుమారు రూ.66,700, నిర్వహణ రూ.40 వేలు, మొత్తం రూ.1,06,700. ఇంటికి రూ.107.

చూసుకుంటే దాదాపు సగం ఖర్చు. పైగా మొదటి పద్ధతిలో మూడో ఏడు నుంచీ మీరు నడిచేది గుంతల్లోనే.

ఇది ప్రభుత్వానికి తెలియని సంగతేం కాదు. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ్ సడక్ యోజనలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు నిర్వహణ చూడాలని ఒప్పందంలోనే రాస్తారు. ఆ డబ్బును రాష్ట్రం ముందే కేటాయించాలి. వాహనాల రోడ్డుకు పెట్టిన ఈ షరతును కాలిబాట పనికీ పెట్టమని గ్రామసభలో అడగడం అత్యాశ కాదు.

ఎంత బాగు చేస్తే చాలు?

ఇక్కడ నడిచేవాళ్లు కూడా కాస్త నిజాయతీగా ఆలోచించాలి. ప్రతి పుంతకూ సిమెంటు, ప్రతి గట్టుకూ టైల్స్ అంటే ఏ పంచాయతీ తూగలేదు. అవసరం కూడా లేదు. డెల్టా నల్లమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దాని మీద పలచగా వేసిన కాంక్రీటు పగలడానికి ఎక్కువ కాలం పట్టదు. గట్టును పూర్తిగా కప్పేస్తే లోపలి కోత పైకి కనిపించదు కూడా.

దారులను మూడు మెట్లుగా విడదీసుకుంటే చర్చ తేలికవుతుంది.

మొదటి మెట్టు, ఆగకూడని దారి: బడికి, ఆసుపత్రికి, బస్సుకు వేరే మార్గం లేని దారి. ఇది ఏడాది పొడవునా, వానలోనూ నడవడానికి వీలుగా ఉండాలి. గట్టి ఉపరితలం, దీపాలు, వంతెనలకు రెండు వైపులా పిట్టగోడ తప్పవు. పట్టణ కాలిబాటలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే అడ్డంకుల్లేని కనీస వెడల్పు 1.8 మీటర్లు. ఊరికీ అదే కొలత పెట్టుకోవచ్చు.

రెండో మెట్టు, పని దారి: పొలాలకు, తోటలకు వెళ్లే పుంతలు. గ్రావెల్ చాలు. అసలు అవసరం నీరు నిలవకుండా వాలు, రెండు పక్కల బోదె, పూడని తూములు.

మూడో మెట్టు, షికారు దారి: పొద్దున, సాయంత్రం నడిచే గట్టు. ఏటా రెండుసార్లు ముళ్లకంప కొట్టి, కోతలు పూడ్చి, జారే చోట్ల హెచ్చరిక పెడితే చాలు. బెంచీలు, రంగు దీపాలు ఆఖరున.

చాలాచోట్ల ఈ వరస తలకిందులవుతుంది. అందంగా కనిపించే పార్కు దారికి ముందు డబ్బు పడుతుంది, పిల్లలు దాటే చిన్న వంతెన పిట్టగోడ వెనక్కి పోతుంది. మీ ఊళ్లో ఏది ముందు జరుగుతోందో చూడండి.

ఇంకో సంగతి. కొన్ని మరమ్మతులకు అదనంగా డబ్బే అక్కర్లేదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీస్తారు. దాన్ని గట్టు మీద కుప్పలుగా వదిలేస్తే తొలకరికి దారంతా బురద. అదే రోజు అదే యంత్రంతో చదును చేయిస్తే గట్టు బలపడుతుంది, దారీ మిగులుతుంది. తీసిన గుర్రపు డెక్కను గట్టు మీద కాకుండా పక్కకు వేయించడమూ అంతే. పని మొదలవకముందే అడగాలి. యంత్రం వెళ్లిపోయాక అడిగితే అది మళ్లీ కొత్త అంచనా, కొత్త మంజూరు.

నడిచేవాళ్ల దగ్గరే రుసుము తీసుకుంటే?

కొన్నిచోట్ల అలాగే నడుస్తోంది. హైదరాబాద్ కేబీఆర్ జాతీయ ఉద్యానవనంలో నడవాలంటే టికెట్ గానీ పాసు గానీ కావాలి. మారేడుమిల్లిలో అటవీ శాఖ, వన సంరక్షణ సమితులతో కలిసి పర్యావరణ పర్యాటకం నడుపుతోంది. పర్యాటకులు కట్టే డబ్బుతో స్థానికులకు ఉపాధి, దారులకు నిర్వహణ. తిరుమల సంగతి వేరు. అలిపిరి మార్గంలో సుమారు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టులో సుమారు 2,400 మెట్లు ఉన్నాయి. వాటిని ఎక్కడానికి రుసుము లేదు. ఖర్చు ప్రభుత్వ పన్నుల్లోంచి కాదు, దేవస్థానం ఆదాయం, విరాళాల నుంచి. 2021 నవంబరు వానలకు దెబ్బతిన్న శ్రీవారి మెట్టు మార్గాన్ని దేవస్థానమే బాగుచేయించి 2022 మేలో తిరిగి తెరిచింది.

ఈ మూడింటికీ ఒక పోలిక ఉంది. అక్కడికి వెళ్లడం మన ఇష్టం. గేటు ఉంది, లేదా దాతలున్నారు. కాలువ గట్టుకు గేటు పెట్టలేం. పెట్టినా పొలానికి వెళ్లే కూలీ దగ్గర టికెట్ అడగడం న్యాయం కాదు. అందరికీ తెరిచి ఉండాల్సిన దారికి అందరి పన్నే ఆధారం. షికారు దారికి అదనపు హంగులు కావాలంటే మాత్రం విరాళాలు, ప్రవాసుల సాయం అడగొచ్చు.

బయటి దేశాలు ఏం చేస్తున్నాయి?

ఇంగ్లండ్, వేల్స్‌లలో పొలాల మధ్య నుంచి వెళ్లే ప్రజల నడక దారులు అధికార పటంలో నమోదై ఉంటాయి. వాటిని నడవడానికి వీలుగా ఉంచడం స్థానిక కౌన్సిల్ చట్టబద్ధ బాధ్యత. స్విట్జర్లాండ్‌లో 1979లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నడక దారులను ఏకంగా రాజ్యాంగంలో చేర్చారు. అక్కడ గుర్తులు పెట్టి చూసుకుంటున్న దారులు సుమారు 65 వేల కిలోమీటర్లు. రాష్ట్రాల్లాంటి క్యాంటన్లు బాధ్యత వహిస్తే, స్వచ్ఛంద కార్యకర్తలు చేయి వేస్తారు.

డబ్బున్న దేశమూ నిర్వహణ వాయిదా వేస్తే ఏమవుతుందో చెప్పేది అమెరికా. జాతీయ పార్కుల్లో రోడ్లు, దారులు, భవనాలకు పేరుకుపోయిన మరమ్మతుల అంచనా 2 వేల కోట్ల డాలర్లు దాటింది. 2020లో ప్రత్యేక చట్టం చేసి, పార్కులు, ఇతర ప్రభుత్వ భూముల్లోని బకాయి మరమ్మతులకు ఐదేళ్లపాటు ఏటా 190 కోట్ల డాలర్ల వరకు కేటాయించాల్సి వచ్చింది.

మన దగ్గర లేనిది మొదటి మెట్టే: పటం. మన పుంతలు రెవెన్యూ పటంలో ఉన్నాయి గానీ, 'ఇది ప్రజల నడక దారి, దీన్ని ఫలానా వాళ్లు చూడాలి' అని ఒక్కచోట రాసి ఉండదు. కాబట్టే ఒకరి మీద ఒకరు చెప్పుకోవడానికి వీలవుతోంది.

'నిధుల్లేవు' అంటే చట్టం ఏమంటుంది?

పంచాయతీరాజ్ చట్టం పంచాయతీ విధులను చెబుతూనే 'నిధుల పరిమితికి లోబడి' అన్న మాట కూడా పెట్టింది. ఎక్కువసార్లు సమాధానం అక్కడే ఆగిపోతుంది.

అయితే దానికి హద్దుంది. 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసులో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ ధర్మాసనం, మురుగు కాలువల లాంటి కనీస ప్రజారోగ్య బాధ్యతను డబ్బు లేదన్న సాకుతో వదిలించుకోవడం కుదరదని తేల్చింది. ఇక 2025 మే 14న సుప్రీంకోర్టు, అడ్డంకుల్లేని కాలిబాట పాదచారుల హక్కు అని, అది జీవించే హక్కును చెప్పే 21వ అధికరణంలో భాగమని స్పష్టం చేసింది. మార్గదర్శకాలు రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఎందుకంత గట్టిగా చెప్పాల్సి వచ్చిందంటే, కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలో 32,825 మంది పాదచారులు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. గట్టు దారి పాడైతే నడిచేవాళ్లు ఎక్కేది మెయిన్ రోడ్డే. అక్కడ లారీ పక్కనుంచి నడవాలి. కాలిబాట మరమ్మతును 'షికారు ఖర్చు' అని కొట్టేయలేకపోవడానికి ఇది పెద్ద కారణం.

మీరేం చేయొచ్చు? వరసగా ఆరు పనులు

1. ఫొటో, చోటు: పాడైన చోట ఫోన్‌తో ఫొటో తీసి లొకేషన్ సేవ్ చేయండి. 'గట్టు బాగోలేదు' అనే కన్నా 'ఫలానా తూము దగ్గర మూడు గజాలు కోత' అంటే పని కదులుతుంది.

2. యజమాని ఎవరో రాయించుకోండి: వీధి అయితే పంచాయతీ కార్యదర్శి, పుంత అయితే తహసీల్దార్, గట్టు అయితే జలవనరుల శాఖ ఏఈ. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

3. డబ్బు చూడండి: ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో, మేరీ పంచాయత్ యాప్‌లో మీ పంచాయతీ ఏటి ప్రణాళిక, చేసిన చెల్లింపులు కనిపిస్తాయి. అందులో నిర్వహణ అనే పద్దు ఉందా, ఉంటే ఎంత? ఈ ఒక్క ప్రశ్న చాలా చర్చను మారుస్తుంది.

4. గ్రామసభలో తీర్మానం చేయించండి: సర్పంచ్ ఉన్నా, ప్రత్యేకాధికారి ఉన్నా ఏటి ప్రణాళికలో పేరు లేని పనికి డబ్బు రాదు. 'దారి వేయాలి' అనే కాక 'ఏటా ఇంత నిర్వహణకు' అని రాయించండి. ఊళ్లో ఉండకపోతే ఇంట్లో ఓటు ఉన్న పెద్దవాళ్లను పంపండి. వాళ్లే రోజూ నడిచేవాళ్లు కదా.

5. కదలకపోతే: సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంటుంది. 1100కు ఫోన్ చేయొచ్చు. ప్రభుత్వ వాట్సాప్ సేవ 'మన మిత్ర' 95523 00009లోనూ అర్జీ పెట్టొచ్చు.

6. జవాబు రాకపోతే సమాచార హక్కు: దారి ఎవరిది, గత మూడేళ్లలో దాని మీద ఎంత ఖర్చు పెట్టారు అని అడగండి. రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో రూ.5, ఆపైన రూ.10. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఒక మాట పన్ను కట్టేవాళ్లకు

దారి బాగోలేదని ఇంటి పన్ను ఆపేయడం చాలామందికి తోచే నిరసన. కానీ పైన చూశారుగా, పంచాయతీ సొంతంగా ఖర్చు పెట్టగల డబ్బు అదే. అది ఆగితే మిగిలేవి షరతులున్న నిధులే. అప్పుడు 'నిధుల్లేవు' అన్న మాట నిజంగానే నిజమైపోతుంది. పన్ను కట్టిన రసీదు చేతిలో పెట్టుకుని గ్రామసభలో అడిగిన ప్రశ్నకు బరువు ఎక్కువ.

ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ గట్టు మీద నడవండి. కోత ఎక్కడుందో, పిట్టగోడ ఎక్కడ లేదో చూసుకోండి. వేసవిలో కాలువ కట్టేయకముందే ఏఈకి అర్జీ ఇచ్చేయండి. తొలకరి పడ్డాక బురదలో నిలబడి అడిగేకన్నా, మట్టి పొడిగా ఉన్నప్పుడు అడగడం మేలు.